ఎండకు నోచుకోని గుడ్డ

పుదుచ్చేరి పట్టణంలో ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం ఏ మిద్దె ఎక్కి చూసినా, దండెం మీద ఆ ఇంటి సంసారమంతా కనిపిస్తుంది. పెద్దాయన పంచె, పిల్లల స్కూలు దుస్తులు, ఇల్లాలి చీర, పసివాడి పొత్తిగుడ్డలు అన్నీ సముద్రపు గాలికి రెపరెపలాడుతుంటాయి. ఒక్క గుడ్డ మాత్రం అక్కడ ఉండదు. ఆ ఇంటి ఆడవారిలో ఎవరైనా నెలసరికి గుడ్డ వాడుతున్నట్లయితే, అది ఏ చీర మడత కిందనో, ఏ తువ్వాలు చాటుననో, స్నానాలగది మూలనో చీకటిలో ఆరుతూ ఉంటుంది. ఆరుతూ ఉంటుందనడం కంటే ఆరకుండా ఉంటుందనడమే న్యాయం.

ఒకసారి వాడి పారవేసే ప్యాడ్లకు బదులు ఉతికి మళ్లీ వాడుకునే వాటిని ఎంచుకోవాలన్న ఆలోచన ఇటీవలి సంవత్సరాలలో మన పట్టణాలలో వ్యాపిస్తున్నది. పర్యావరణం పేరిట, ఆరోగ్యం పేరిట, పొదుపు పేరిట ఎన్నో మాటలు వినవస్తున్నాయి. వాటిలో చాలావరకు నిజమే. అయితే ఈ మార్పు నిలుస్తుందా, వీగిపోతుందా అన్నది ప్యాడును ఏ బట్టతో కుట్టారన్న దాని మీద కంటే, దానిని ఎక్కడ ఆరవేస్తారన్న దాని మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నదని నా అభిప్రాయం.

ఆరోవిల్‌లో ఒక కుట్టుపని

పుదుచ్చేరికి ఉత్తరంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో, 1968 ఫిబ్రవరి 28న ఆరంభమైన ఆరోవిల్ ఉన్నది. దాని భూమిలో అధిక భాగం తమిళనాడుకు చెందినదే అయినా, రాకపోకలకు దగ్గర పట్టణం పుదుచ్చేరే. అక్కడ 2010లో 'ఎకో ఫెమ్' అనే సంస్థ వెలసింది. ఆస్ట్రేలియాకు చెందిన కాథీ వాక్లింగ్, నెదర్లాండ్స్‌కు చెందిన జెస్సమైన్ మీడెమా దాని స్థాపకులు. చుట్టుపక్కల పల్లెలలోని మహిళా సంఘాలతో పనిచేసే ఆరోవిల్ విలేజ్ యాక్షన్ గ్రూప్ సాంగత్యంలో ఈ పని మొదలయింది. పల్లె స్త్రీలు పాతగుడ్డను వదిలి దుకాణపు ప్యాడుకు మారుతున్న కాలమది. వాడినదానిని ఎక్కడ వేయాలో ఎవరికీ తోచని కాలం కూడా.

వారు తయారుచేసే వస్తువులో వింత ఏమీ లేదు. ఒంటికి తగిలేది మెత్తని నూలు ఫ్లానెల్ గుడ్డ. లోపల పీల్చుకునే పొరలు. అడుగున తడి బయటికి రాకుండా ఆపే పలుచని పూతగల గుడ్డ. రెండు ప్రక్కలా రెక్కలు, వాటిని కలిపి బిగించడానికి టిచ్ బటన్లు. కుట్టేవారు ఆ ప్రాంతపు పల్లె స్త్రీలే. విదేశాలలో వారి సరుకు కొన్నవారి సొమ్ములో కొంత భాగంతో మన దేశపు బాలికలకు ఈ ప్యాడ్లు ఇచ్చి, శరీర ధర్మాన్ని గురించి పాఠం చెప్పే ఏర్పాటు కూడా చేశారు. దానికి 'ప్యాడ్ ఫర్ ప్యాడ్' అని పేరు.

ఒక్కొక్క ప్యాడు సుమారు 75 ఉతుకులకు నిలుస్తుందని వారి లెక్క. ఆ లెక్కనే కొంచెం ముందుకు తీసుకుపోదాం. ఒక స్త్రీ నెలసరిలో పన్నెండు సార్లు ప్యాడు మారుస్తుందనుకుంటే, ఆరు గుడ్డ ప్యాడ్లను ఒక్కొక్కటి రెండుసార్లు చొప్పున వాడుకుని మూడేళ్లు గడపవచ్చు. ఆ మూడేళ్లలో ఆమె పారవేయకుండా మిగిల్చేవి 432 ప్యాడ్లు. పదమూడవ యేట మొదలై నలభై తొమ్మిదవ యేట ముగుస్తుందనుకుంటే, కాన్పుల కాలాన్ని తీసివేయకుండా చూస్తే, జీవితకాలానికి అయిదు వేలకు పైమాటే.

పారవేసినది ఎక్కడికి పోతుంది?

దుకాణంలో అమ్మే ప్యాడు దూది కాదు. పైన పాలీప్రొపిలిన్ పొర, లోపల కొయ్యగుజ్జు, అందులో తడిని జిగురుగా మార్చి పట్టి ఉంచే సోడియం పాలీయాక్రిలేట్ గుళికలు, అడుగున పాలిథిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్టేందుకు అమెరికాలో కొయ్యగుజ్జుతో ఒక పదార్థం తయారుచేశారు. ఆసుపత్రి నర్సులు దానిని మరొక అవసరానికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక మిగిలిన సరుకుకు కొత్త గిరాకీ వెతుకుతున్న కంపెనీకి అదే దారి చూపింది. 1920లో 'కోటెక్స్' ఆ విధంగా పుట్టింది. అడగడానికి స్త్రీలు సిగ్గుపడుతున్నారని అక్కడి దుకాణాలలో పెట్టె ఒకచోట పెట్టి, ప్రక్కన డబ్బులు వేసే డబ్బా ఉంచేవారట. మన మందుల షాపువారు ఈనాటికీ దానిని పాత పేపరులోనో, నల్ల కవరులోనో చుట్టి ఇస్తారు కనుక వారిని చూసి మనం నవ్వనక్కరలేదు.

ప్లాస్టిక్ పొరలు మట్టిలో కలవడానికి వందల ఏళ్లు పడుతుంది. పెరటిలో తగులబెడితే, మంట వేడి చాలక విషవాయువులు వెలువడతాయి. మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం పూడుతుంది. చెత్తబుట్టలో వేస్తే, పట్టణపు చెత్త ఏళ్ల తరబడి చేరిన కురుంబపేట వంటి చోటికి పోతుంది. దారిలో దానిని చేతితో తీసి వేరుచేసే మనిషి ఒకరు ఉంటారు. మనం మరిచిపోయేది ఆ మనిషినే. పూనాలో చెత్త ఏరే కార్మికుల సహకార సంఘం 'స్వచ్ఛ్' 2013లో వాడిన ప్యాడ్లను సంచులలో నింపి, తయారుచేసిన కంపెనీల కార్యాలయాలకే పంపింది. చుట్టి పారవేయడానికి తగిన కవరును తయారీదారులే ఇవ్వాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిబంధన చేసింది.

ఇంత చెప్పినా, ప్యాడును దుష్టవస్తువుగా చిత్రించడం నాకు సమ్మతం కాదు. ప్యాడు వాడితే క్యాన్సరు వస్తుందని ఫోన్లలో తిరిగే బెదిరింపునకు శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పథకం కింద 7 నుంచి 12వ తరగతి వరకు చదివే బాలికలకు నెలకు పదేసి ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. నెలకు నాలుగు రోజులు బడి మానవలసి వచ్చే పిల్లకు ఆ పది ప్యాడ్ల విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

బయట నిలబడ్డ మాట

ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు చేయడం నా వృత్తి. ఈ విషయం మీద వ్యాసం చేతికి వచ్చినప్పుడల్లా కలం మొదట ఆగేది మాట దగ్గరే. 'బహిష్టు' అంటే బయట ఉన్నదని అర్థం. 'ముట్టు' అంటే తాకుడు. 'మైల' అంటే మురికి. 'దూరం' అంటే వివరించనక్కరలేదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమై, గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాంలోనూ ఇవే మాటలు. శరీరంలో జరిగే దానిని చెప్పేవి వీటిలో ఒక్కటీ లేదు. స్త్రీని ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవే అన్నీ. ఉన్నంతలో 'నెలసరి' ఒక్కటే ఎవరినీ నొప్పించని మాట.

గుడ్డకు కూడా అదే గతి పట్టింది. మగవారి కంట పడితే కీడు అని, పాము దాటితే సంతానం కలగదని పెద్దలు భయపెట్టేవారు. ఆ భయంతో స్త్రీలు దానిని పశువుల కొట్టంలోనో, పరుపు కిందనో దాచారు. చీకటిలో, చెమ్మలో గుడ్డకు బూజు పట్టింది. అది మళ్లీ ఒంటికి తగిలి దురద, మంట వచ్చాయి. అప్పుడు వైద్యులు గుడ్డను తప్పుపట్టారు!

ఒడిశాలో ఆసుపత్రులకు వచ్చిన 558 మంది స్త్రీలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఈ చిక్కుముడిని కొంత విప్పింది. ఉతికి మళ్లీ వాడేవారిలో కాండిడా అనే బూజుజాతి క్రిమి వలన వచ్చే వ్యాధి ఎక్కువగా కనిపించిన మాట నిజమే. అయితే గుడ్డను ఇంటిలోపల ఆరవేసేవారిలో, మరుగుదొడ్డిలో దాచేవారిలో అది మరీ ఎక్కువ. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం దండేనికి దొరకదు.

మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం ఈ తేడాను చూడదు. 2019-21లో జరిగిన అయిదవ సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో సుమారు 64 శాతం ప్యాడ్లు, 50 శాతం గుడ్డ వాడుతున్నట్లు తేలింది (రెండూ వాడేవారు ఉన్నారు కనుక మొత్తం నూరు దాటింది). 'పరిశుభ్రమైన పద్ధతుల' జాబితాలో ప్యాడు ఉన్నది, టాంపన్ ఉన్నది, కప్పు ఉన్నది, గుడ్డ లేదు. ఎండలో ఆరినదైనా, కొట్టంలో మగ్గినదైనా లెక్కలో దాని స్థానం బయటే.

నీళ్లు, ఎండ, వాన

గుడ్డ ప్యాడును ఉతికే పద్ధతి ఏమంత కష్టం కాదు. వాడిన వెంటనే చన్నీళ్లలో అరగంట నానబెట్టాలి. వేడినీళ్లు పోస్తే నెత్తురులోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక అంటుకుపోతుంది కనుక పోయకూడదు. తరువాత మామూలు సబ్బుతో ఉతికి, శుభ్రంగా జాడించి, నేరుగా ఎండలో ఆరవేయాలి. మొదటిది ఎండి చేతికి వస్తేనే ఆరింటితో నెలసరి గడుస్తుంది. దండెం మీద చోటు లేని స్త్రీకి పన్నెండు కావాలి. సిగ్గుకు కూడా వెల ఉన్నదన్నమాట, అదీ రెట్టింపు.

పుదుచ్చేరికి మరొక చిక్కు ఉన్నది. ఏడాది వర్షంలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఆ మూడు నెలలలో పంచెలే ఆరవు. ఫ్యాను కింద ఆరవేసి, పూతగల అడుగు పొరకు వేడి తగలకుండా నూలు వైపు మాత్రం ఇస్త్రీ చేసుకోవాలి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను అక్కడ తీరం దాటినప్పుడు వీధులకు వీధులే నీట మునిగాయి. అటువంటి రోజులలో ఉతికే ప్యాడు గురించి ఉపన్యసించేవాడిది మతిలేని పని. తాగడానికి బిందెడు మంచినీళ్లు మోసి తెచ్చుకునే ఇల్లాలికి, ముప్పై మందికి ఒక్క కుళాయి ఉన్న హాస్టలు పిల్లకు కూడా అంతే. నీరు, చాటు, ఎండ మూడూ ఉన్నవారు ముందుగా మారవలసినవారు. కాని మన ఉత్సాహవంతులు తరచుగా ఈ సలహాను తీసుకుపోయేది ఏమీ లేనివారి గుమ్మానికే.

నీళ్లు తక్కువ ఉన్నవారికి కప్పు కొంత నయం. దానిని 1937లో అమెరికన్ నటి లియోనా చామర్స్ పేటెంటు చేసింది. యుద్ధకాలంలో రబ్బరు కరువై మూలపడి, ఇప్పుడు సిలికాన్ రూపంలో తిరిగి వచ్చింది. లోపల అమర్చుకునేది కనుక మొదటి రెండు మూడు నెలలు ఇబ్బంది పెడుతుంది. 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' పత్రిక 2019లో 43 అధ్యయనాలను సమీక్షిస్తే, అలవాటైనవారిలో దాదాపు 70 శాతం దానిని కొనసాగిస్తామన్నారు. కేరళలోని ఆలప్పుళ పట్టణంలో అదే సంవత్సరం అయిదు వేల కప్పులు ఉచితంగా పంచారు. పెళ్లికాని పిల్ల వాడకూడదన్న అభ్యంతరం మన ఇళ్లలో తప్పక వస్తుంది. అది వైద్యశాస్త్రం చెప్పిన మాట కాదు. అయినా తల్లీకూతుళ్లు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవలసినదే తప్ప, పత్రికలు తీర్పు చెప్పవలసినది కాదు.

మారదలచినవారు ఒక్కసారిగా ఇంట్లోని ప్యాడ్లన్నీ బయట పెట్టవలసిన పని లేదు. రెండు గుడ్డ ప్యాడ్లు కొని, మొదట రాత్రిపూట ఇంటిలో వాడి చూడడం మంచిది. కొత్త గుడ్డ మొదట్లో సరిగా పీల్చదు కనుక వాడబోయే ముందు రెండుసార్లు ఉతకాలి. బయటికి వెళ్లేటప్పుడు వాడినదానిని మడిచి బటను పెట్టి, జిప్పు ఉన్న చిన్న సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇక దండెం సంగతి. మొదటి నెల దానిని ఇంటివారందరి బట్టల నడుమ ఆరవేయడానికి ధైర్యం చాలకపోతే, ఎండ తగిలే చోట ఒక చివరన వేసినా సరిపోతుంది.