రష్యా మంత్రివర్గమున తొలి స్త్రీ

1917వ సంవత్సరమున రష్యాలో బోల్షెవిక్కు లధికారమునకు వచ్చినపుడు, పాత ప్రభుత్వపు వాసనగల 'మంత్రి' నామమును త్యజించి, 'ప్రజా కమిసారు' లను పేరిట మంత్రివర్గము నేర్పఱచిరి. లెనిన్ అధ్యక్షుడు, ట్రాట్‌స్కీ విదేశాంగమును, లూనచార్‌స్కీ విద్యను, స్టాలిన్ వివిధ జాతుల వ్యవహారములను వహించిరి.

వారి నడుమ స్త్రీ యొక్కతెయే: అలెగ్జాండ్రా కొల్లొంతాయ్. సాంఘిక సంక్షేమశాఖను వహించి, తల్లుల రక్షణమునకును శిశు రక్షణమునకును ఆమె పాటుపడెను. జర్మనీతోడి సంధి తనకు సమ్మతము గాకపోగా, 1918 మార్చిలో పదవిని విడిచెను.

1946లో కమిసారులు మరల మంత్రులైరి. 1960లో ఫూర్త్సెవా సాంస్కృతికశాఖా మంత్రిణి యయ్యెను. 1991లో ఆ రాజ్యమే యంతరించెను. అంతవఱకును కేంద్రమున మంత్రిపదవి నందిన స్త్రీలు మిక్కిలి కొలదిమందియే. సమానత్వమును శాసనమున వ్రాయుట సులభము. సభలో పీఠము వేయుటయే కష్టము గదా!