నిద్రపోని సరంగు

ఇద్దరే మనుషులు. నాలుగు దిక్కులా నీళ్లు. నౌకాదళ అధికారిణులు దిల్నా, రూప 2024 అక్టోబరు 2న గోవాలో 'తారిణి' అనే తెరచాప పడవెక్కి, ప్రపంచాన్ని చుట్టేసి 2025 మే 29న తిరిగొచ్చారు. అలాంటి ప్రయాణంలో ఒకరు కాసేపు కునుకు తీయాలి. ఇంకొకరు వంట చూసుకోవాలి, తెరచాప సర్దాలి, వాతావరణం గమనించాలి. మరి చుక్కాని పట్టుకునేదెవరు?

గోదావరి లాంచీలో అయితే సరంగు ఉంటాడు. నడిసంద్రంలో ఒంటరిగానో, ఇద్దరుగానో వెళ్లేవాళ్లకు ఆ సరంగు ఓ యంత్రం... ఆటోపైలట్! అన్నం అడగదు, నిద్రపోదు. కరెంటు మాత్రం తింటుంది. అప్పుడప్పుడూ అలుగుతుంది కూడా. ఒంటరి నావికుడికి ఆ అలక ప్రాణాల మీదికి తెస్తుంది. రాత్రీపగలూ చక్రం పట్టుకుని కూర్చుంటే నిద్ర ఉండదు. నిద్రలేని కళ్లకు ఎదురొచ్చే ఓడ దీపం ఆనకపోవచ్చు.

మనిషిని చూసి నేర్చింది

ఇందులో కిటుకు చిన్నదే. పడవ ముక్కు ఎటు ఉందో ఎలక్ట్రానిక్ దిక్సూచి చెబుతుంది. వెళ్లాల్సిన దిక్కుతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. తేడా ఉంటే మోటారు చుక్కానిని తిప్పుతుంది. అయితే, ఎంత తిప్పాలి? అసలు పనితనమంతా అక్కడే. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు నికొలస్ మినోర్‌స్కీ దీనికి లెక్క కట్టి 1922లో ప్రచురించాడు. అనుభవమున్న సరంగు దారి ఎంత తప్పిందో చూసి ఊరుకోడు. పడవ ఎంత వేగంగా తిరుగుతోందో, ఎంతసేపటి నుంచీ ఒకేవైపు లాగుతోందో కూడా గమనిస్తాడు. ఆ మూడింటినీ మినోర్‌స్కీ సమీకరణంలో పెట్టాడు. ఇప్పటి ఫ్యాక్టరీ యంత్రాల్లో, డ్రోన్లలో ఉన్నదీ ఆ లెక్కే.

ఆటోపైలట్‌ని సర్దడమంటే ఆ మూడింటి పాళ్లు కుదర్చడమే. కుదిరిందా లేదా తెలుసుకోవడానికి మీటర్లు చూడక్కర్లేదు, వెనక్కి తిరిగి పడవ వదిలిన నీటిచార చూస్తే చాలు. తిన్నగా ఉంటే సరే. పాములా మెలికలు తిరుగుతూ, మోటారు క్షణం ఆగకుండా రొద పెడుతుంటే చుక్కాని అతిగా తిరుగుతోందన్నమాట. మోటారు బద్ధకంగా ఉండి, పడవ అటూ ఇటూ తూలుతుంటే చాలడం లేదని. మలుపు తిరిగాక అవతలికి దూసుకెళుతుంటే ఎదురు తిప్పుడు పెంచాలి. మలుపు పూర్తికాకముందే సైకిల్ హ్యాండిల్‌ని వెనక్కి తెస్తాం చూడండి, అలాగ. అలలు వెనకనుంచి తరుముతుంటే యంత్రం చురుగ్గా ఉండాలి. సముద్రం నిమ్మళించాక ఆ చురుకు తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుంది.

దొంగ ఎక్కడో ఉంటాడు

ఇంత సర్దినా మాట వినకపోతే? చాలామంది ముందు కంప్యూటర్ పెట్టెనే అనుమానిస్తారు. పాపం, చాలాసార్లు దాని తప్పేం ఉండదు. దిక్సూచి పక్క అరలో ఎవరో పనిముట్ల సంచీ పెట్టి ఉంటారు, స్పీకరో డబ్బా ఆహారమో సర్ది ఉంటారు. ఆ ఇనుముకీ అయస్కాంతానికీ దిక్సూచి తప్పుదారి పడుతుంది. అడ్డొచ్చినవి తీసేసి, నిశ్చలమైన నీళ్లలో పడవని మెల్లగా గుండ్రంగా తిప్పితే దిక్సూచి మళ్లీ లెక్క సరిచూసుకుంటుంది.

రెండో దొంగ ఉప్పుగాలి. తుప్పు పట్టిన వైరు మొనతో మోటారు ఆగి ఉన్నప్పుడు ఓల్టేజి బాగానే కనిపిస్తుంది. చుక్కాని తిప్పబోగానే పడిపోతుంది, కంప్యూటర్ ఆరిపోతుంది. అందుకే మోటారు పనిచేస్తుండగానే కొలవాలి. చుక్కానికి బిగించిన బోల్టులూ వదులవుతుంటాయి.

బుర్ర బాగున్నా చెయ్యి విరిగితే ఏం లాభం! 2018లో ఇదే 'తారిణి'లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య సహా ఆరుగురు అధికారిణులు ప్రపంచాన్ని చుట్టి వస్తున్నారు. ఇంక ఇల్లు చేరడమే తరువాయి అనగా స్టీరింగ్ పాడైంది. అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగు చేయించుకోవాల్సి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద దొంగ తెరచాప. గాలికి తగ్గట్టు దించకపోతే పడవ ఓ పక్కకి గుంజుతూనే ఉంటుంది. యంత్రం దాంతో కుస్తీ పడి వేడెక్కి చేతులెత్తేస్తుంది. పరీక్ష సులువే. యంత్రం ఆపి చక్రం చేత్తో పట్టుకోవాలి. చెయ్యి నొప్పెడితే మోటారుకీ నొప్పే!

ముంబయిలో టేకుతో తయారైన 'సుహైలీ' ఈ సంగతి ఎప్పుడో రుజువు చేసింది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి మనిషి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ అది. గాలితో పనిచేసే దాని సెల్ఫ్ స్టీరింగ్ ఆస్ట్రేలియా దరిదాపుల్లో విరిగిపోయింది. ఆయన వెనుదిరగలేదు. పడవ తనంతట తనే దారిపట్టేలా తెరచాపలు సర్దుకుంటూ వెళ్లాడు. 312 రోజుల ప్రయాణం ముగించి 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండ్ చేరాడు.

ఆ నాటి పందేన్ని గుర్తుచేసే గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్‌కి అనుమతి లేదు. గాలివాటం చూసుకుని చుక్కాని తిప్పే విండ్‌వేనే గతి. 2018 పోటీలో తుపానుకి నడుం విరిగిన మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ 2022లో మళ్లీ బరిలోకి దిగాడు. ఈసారి విండ్‌వేన్ దెబ్బతింది. నడిసంద్రంలో విడిభాగాలు ఎవరమ్ముతారు? పడవలోని టాయిలెట్ తలుపు ఊడదీసి, కోసి, కావలసిన భాగం తయారుచేసుకున్నాడు.

2023 ఏప్రిల్ 29న ఫ్రాన్స్ తీరం చేరాడు. రెండో స్థానం... టాయిలెట్‌కి తలుపు లేకుండానే!