మాట విని గాజులు తీసిచ్చారు

ఎవరి ఉపన్యాసమో విని, అక్కడికక్కడే చేతికున్న బంగారు గాజులు ఒలిచి ఇచ్చెయ్యడం మీ వల్ల అవుతుందా? నా వల్లయితే కాదు. గాజులంటే పుట్టింటివాళ్ళు పెట్టినవి, అత్తగారు చేయించినవి, రేపు కూతురి పెళ్ళికని దాచుకున్నవి. ఆడదానికి బ్యాంకూ, బీమా అన్నీ అవే. అలాంటిది 1921లో మన ఆంధ్రదేశంలో గాంధీగారు వెళ్ళిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు తీసి ఇచ్చేశారు. ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి తన నగలన్నీ ఇచ్చేసింది. ఇంట్లో మగవాళ్ళని అడిగి ఇచ్చినవాళ్ళెందరో, అడక్కుండా ఇచ్చి ఇంటికెళ్ళి మాటలు పడ్డవాళ్ళెందరో!

ఆ మాటకి అంత బలం ఎక్కడిది అని నాకెప్పుడూ ఆశ్చర్యమే. గొంతులో ఉందా అంటే, గాంధీగారిది గంభీరమైన గొంతు కాదు. చేతులూపి మాట్లాడే మనిషీ కాదు, కూర్చునే మాట్లాడేవారు. పైగా మనవాళ్ళలో చాలామందికి రాని హిందీలో. అవి మైకులు లేని రోజులు. మా అమ్మాయి స్కూల్లో ఆగస్టు పదిహేనుకి వక్తృత్వపు పోటీలు పెడతారు. గొంతు ఎక్కడ పెంచాలో, పిడికిలి ఎక్కడ బిగించాలో అన్నీ నేర్పుతారు. ఆ లెక్కన చూస్తే గాంధీగారికి మూడో బహుమతి కూడా రాదు!

కాకినాడ కథ వినండి. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వస్తున్నారని తెలిసి ఊరంతా హడావుడిగా ఉంది. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. హిందీ నేర్చుకుంది. తర్వాత్తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని మనమంతా గొప్పగా చెప్పుకున్నది ఆ పిల్లనే. ఆమెకి ఓ కోరిక పుట్టింది. గాంధీగారు దేవదాసీలతోనూ, బురఖాలో ఉండే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలి. వాళ్ళు టౌన్‌హాలు దగ్గర జరిగే పెద్ద సభకి రాలేరు కదా. వస్తే మాత్రం పక్కన ఎవరు కూర్చోనిస్తారు?

సభ ఏర్పాట్లు చూసే పెద్దలని అడిగింది. పది నిమిషాలు కావాలంటే ఐదువేల రూపాయలు నిధికి ఇవ్వాలన్నారు. చిన్నపిల్ల, ఇలా అంటే పోతుందిలే అనుకున్నారు కాబోలు. ఆమె పోలేదు. తనకి తెలిసిన దేవదాసీల దగ్గరికి వెళ్ళి చెప్పింది. వాళ్ళే ఆ సొమ్ము పోగుచేశారు. ఓ స్కూలు ఆవరణ కూడా సంపాదించింది. ఇదంతా దుర్గాబాయిగారు తన ఆత్మకథలో రాసుకున్నారు.

చూశారా, ఉపన్యాసం ఇంకా మొదలే కాలేదు. వినవలసినవాళ్ళు వినడానికే డబ్బు కట్టుకోవలసి వచ్చింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా మనసుని పట్టేసేది ఇదే. జనాన్ని కదిలించిన వక్తల గురించి పుస్తకాలకి పుస్తకాలు రాస్తారు. వాళ్ళ మాట నలుగురి చెవినా పడేందుకు తిరిగిన కాళ్ళ సంగతి ఎవరు రాస్తారు?

పది నిమిషాలన్న గాంధీగారు ఆ ఆడవాళ్ళ దగ్గర అరగంటకి పైగా ఉండిపోయారు. ఆయన హిందీలో చెబుతుంటే పక్కన నిలబడి ఆ పిల్లే తెలుగులో చెప్పింది. అయ్యాక గాజులు, గొలుసులు వచ్చిపడ్డాయి. నగలూ డబ్బూ కలిపి పాతికవేలు పోగయ్యాయట. ఆ తర్వాత పెద్దసభలో కొండా వెంకటప్పయ్యగారు అనువాదానికి సిద్ధంగా ఉన్నా, గాంధీగారు ఆయన్ని ఆగమని దుర్గనే చెప్పమన్నారు. కొండా వెంకటప్పయ్యగారంటే సామాన్యులా? దేశభక్త బిరుదున్న నాయకుడు. కానీ ఆ పిల్ల నోట మాట తిన్నగా జనంలోకి వెళుతోందని గాంధీగారు కనిపెట్టేశారు.

నాకు తోచేదేమిటంటే, ఆ ఉపన్యాసాల్లో ఒక పని ఉండేది. మన చేత్తో, మన ఇంట్లో, ఇవాళే చెయ్యగలిగిన పని. రాట్నం వడుకు. విదేశీ బట్ట కట్టకు. ఈ గాజు ఇవ్వు. ఇచ్చాక మళ్ళీ చేయించుకోకు. ఇది ఆయన పెట్టే షరతు. 1934లో కేరళలోని వడకరలో కౌముది అనే పదహారేళ్ళమ్మాయి గాజులు, గొలుసు, చెవి దిద్దులతో సహా తీసి ఇచ్చినప్పుడు కూడా గాంధీగారు ఆ మాటే అడిగి ఖాయం చేసుకున్నారు. సామ్రాజ్యం, స్వరాజ్యం అని పెద్ద పెద్ద మాటలు చెప్పి ఊరుకుంటే మనం కొంగు సర్దుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ పొయ్యి దగ్గరికే స్వరాజ్యాన్ని తెచ్చి పెడితే అప్పుడు కదా కథ! 1905 అక్టోబరు 16న బెంగాల్ విభజన అమల్లోకి వచ్చిన రోజు అక్కడి ఇళ్ళల్లో పొయ్యి వెలిగించలేదు. ఆ నిరసన ఎవరు చేస్తే అయ్యేది చెప్పండి?

గొప్ప గొంతులు లేవని కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో గర్జించారు. దాన్ని తెలుగు చేసినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి చదువుకే ఎసరొచ్చింది. అయితే ఆ గర్జన కాలేజీ దాకా వెళ్ళినంత బాగా వంటింటి దాకా వెళ్ళలేదనే నేననుకుంటాను.

వంటింటి దాకా తీసుకెళ్ళినవారిలో ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మగారిని చెప్పుకోవాలి. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లో అలాంటి ఆడమనిషి నలుగురిలోకి రావడమే తప్పు. ఆవిడ వేదికలెక్కారు! పురాణాలు క్షుణ్ణంగా తెలుసు, పద్యం పాడగలరు. అవి పాడుతూ సహాయ నిరాకరణ గురించి చెబుతుంటే పురాణ కాలక్షేపానికి వచ్చినట్టే జనం వచ్చి కూర్చునేవారు. దాని ఫలితం 1922లో ఏడాది జైలు. జనం మాత్రం ఆవిడని దేశబాంధవి అని పిలుచుకున్నారు.

ఇక చీరాల. అక్కడి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చినాయన. మాట్లాడితే మాత్రం పద్యాలు, చాటువులు, చమత్కారాలు. రామదండు అని వాలంటీర్ల దళం. చీరాల, పేరాలలని కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు ఒక్కసారిగా పెంచేశారు. ఎక్కువమంది నేతపనివాళ్ళు, ఎక్కణ్ణించి తెస్తారు? పన్ను కట్టనందుకు జైలుకెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి, ఊరే వదిలేస్తే మున్సిపాలిటీ ఎవరికి అని ఒక దారి చెప్పారు. కాంగ్రెసు సాయం చేస్తుందని మాత్రం ఆశ పెట్టలేదు. గోపాలకృష్ణయ్యగారు ఆ మాట అందుకున్నారు. సుమారు పదిహేనువేల జనాభాలో పదమూడువేల మందికి పైగా ఇళ్ళకి తాళాలు వేసి ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టి పాకల్లో కాపురం పెట్టారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మగవాళ్ళ ఆవేశం కన్నా ఆడవాళ్ళ తట్టాబుట్టే కళ్ళకి కడుతుంది. మొన్న మేం వీధి అవతలికి ఇల్లు మారితేనే నెలరోజులు పోపులపెట్టె ఎక్కడుందో తెలీలేదు. రోహిణీకార్తె ఎండలో తాటాకు పాక, ఆ వెనకే వానలు. చంటిపిల్లలు, బాలింతలు, మంచాన పడ్డ అత్తగార్లు. నీళ్ళెక్కణ్ణించి, పిడకలెక్కణ్ణించి? ఓ పూట ఉపన్యాసం విని ఊగిపోయి ఎవరైనా ఊరు వదలొచ్చు. దాదాపు పదకొండు నెలలు అలా ఉండిపోయారు, నాయకుడు జైలుకెళ్ళాక కూడా. రోజూ పొద్దున్నే లేచి ఆ పాకలోనే పొయ్యి రాజేసిన మనిషిని ఏ ఉపన్యాసం నిలబెట్టిందంటారు? చివరికి 1922లో తిరిగి ఇళ్ళకి వచ్చేశారు. ఓడిపోయారని చరిత్రకారులు అంటే అననివ్వండి, నేను ఒప్పుకోను.

ఇప్పుడూ సభలకి ఆడవాళ్ళని బస్సుల్లో తీసుకొస్తూనే ఉన్నారు. ముందు వరసల్లో కూర్చోబెడుతున్నారు. వాళ్ళని అడిగేది చప్పట్లూ, తర్వాత ఓటూ. మాట వినగానే మనసు ఊగడం మంచిదే కానీ, ఊపేవాడు మన చేత ఏం చేయించబోతున్నాడో కూడా ఓ చెవి వేసి వినాలి. గాంధీగారు అడిగినదాంట్లో దాపరికం లేదు. నీ గాజు పోతుంది, మళ్ళీ రాదు అని మొహానే చెప్పి తీసుకున్నారు.

ఆ కాకినాడలోనే 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. దుర్గకి అప్పటికి పధ్నాలుగేళ్ళు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టిక్కెట్టు చూపించమంది. లేదన్నారు. అయితే వీల్లేదంది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడ్డారు, మీరు చెప్పిందే చేస్తున్నానంది. నెహ్రూగారికి టిక్కెట్టు కొని ఇచ్చాకే ఆ పిల్ల పక్కకి జరిగింది.