ఆపిల్ చెట్టు పిందెలను విడుచుట

చైత్ర వైశాఖములలో హిమాచలప్రదేశమందలి కోట్‌గఢ్ కొండవాలులపై ఆపిల్ చెట్లు పూచునప్పుడు, ఒక్కొక్క పూమొగ్గ నుండి ఐదారు పూల గుత్తి వెలువడును. వానిలో నూటికి ఐదు మొదలు పది వరకు కాయలై నిలిచినను చెట్టునకు అది నిండు కాపే. కావున పూత ముగిసిన కొన్ని వారములకు చెట్టు క్రింద పరచుకొన్న పిందెలను చూచి రైతు మనసు ఉసూరుమనుట సహజమే యైనను, ఆ రాలుడంతయు నష్టము గాదు. ఎన్ని కాయలను పోషింపగలనో చెట్టు తనకు తాను చేసికొను నిర్ణయమది.

ఆ నిర్ణయము జరుగు చోటు తొడిమ మొదట నున్న సన్నని కణముల పొర. పిందెలోని లేత గింజలు ఆక్సిన్ అను హార్మోనును పుట్టించి, తొడిమ గుండ కొమ్మవైపునకు ఎడతెగక పంపుచుండును. ఆ ప్రవాహము సాగినంత కాలము ఈ పొర ఇథిలీన్ వాయువు ప్రేరణకు లొంగదు. అది సన్నగిల్లినంతనే ఇథిలీన్ ప్రభావమున కణకుడ్యములను కరగించు ఎంజైములు పుట్టి, పొర విడివడి, పిందె తన బరువునకే తెగిపడును. గింజలు తక్కువగా నున్న పిందెలు ముందుగా రాలుట ఇందువలననే. మబ్బు పట్టి రాత్రులు వెచ్చగా నుండు దినములలో ఆకులు తయారుచేయు ఆహారము అన్నిటికిని చాలక, పిందెల నడుమ పోటీ హెచ్చి, బలహీనమైనవి మరింత త్వరగా రాలును.

పిందెలన్నియు నిలిచినచో కాయలు చిన్నవగుటయే గాక మరుసటి యేటి పూతయు దెబ్బతినును. రాబోవు పూమొగ్గలు రూపొందుట ఈ వారములలోనే ఆరంభమగును. గింజలు దానిని అడ్డగించును. విత్తులేని కాయలను కూడ కాయగల 'స్పెన్సర్ సీడ్‌లెస్' రకముపై ప్రయోగములు చేసి, చాన్, కెయిన్ అను శాస్త్రజ్ఞులు 1967లో ఈ సంగతిని నిరూపించిరి. గింజలలోని జిబ్బరెల్లిన్ హార్మోనులే ఇందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఏడు విడిచి ఏడు కాయు చెట్ల రహస్యమిదియే. పిందెలను సకాలమున పలుచన చేయవలసిన అగత్యమునకు కారణమును ఇదియే.

ఈ పనికి వాడు మందులలో నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము విచిత్రమైనది. ఈ కృత్రిమ ఆక్సిన్ కోతకు ముందు కాయ రాలుటను నిలుపునని గార్డ్నర్, మార్త్, బాట్జర్ అనువారు 1939లో అమెరికాలో ప్రకటించిరి. మన మామిడి రైతులు పిందె నిలుచుటకై పిచికారి చేయునదియు ఇదియే. కాని పిందె 8 మొదలు 12 మిల్లీమీటర్ల వ్యాసము గలిగియున్నప్పుడు, పది లక్షల పాళ్లకు సుమారు పది పాళ్ల మోతాదున చల్లినచో, ఆపిల్ పిందెల ఎదుగుదల కొంతకాలము మందగించి, ఇథిలీన్ హెచ్చి, బలహీనమైనవి రాలిపోవును. కాయ పక్వమగు వేళ గింజల ఆక్సిన్ తగ్గియుండును గనుక, బయటినుండి వచ్చిన ఆక్సిన్ ఆ లోటును పూరించును. పిందెల దశలోనో, అది పోటీలో వెనుకబడినవానిని మరింత వెనుకకు నెట్టును. మందు ఒకటే, చెట్టు స్థితి వేరు.

1960లో బాట్జర్, వెస్ట్‌వుడ్‌లు కార్బరిల్ అను పురుగుమందునకును పిందెలను రాల్చు గుణము గలదని తెలిపిరి. తేనెటీగలకు ప్రాణాంతకమగు ఆ మందు నేడు ఐరోపా సమాఖ్యలోను మన దేశములోను నిషిద్ధము. తరువాత వచ్చిన బెంజైల్ ఎడినీన్ అను సైటోకైనిన్ పిందెలను పలుచన చేయుటయే గాక, నిలిచిన కాయలలో కణవిభజనను హెచ్చించి వానిని పెద్దవిగా చేయును.

అయినను ఈ మందులలో ఏదియు చెట్టును శాసింపజాలదు. అది చేయుచున్న నిర్ణయమును ఒకవైపునకు మొగ్గించుట మాత్రమే వాని శక్తి. ఒకే మోతాదు మబ్బుపట్టిన వెచ్చని దినములలో అతిగా రాల్చవచ్చును. ఎండ కాయు చల్లని దినములలో పనిచేయకయే పోవచ్చును. కావున పిచికారి యంత్రమును చేపట్టుటకు ముందు గుత్తికి నిలిచిన పిందెలెన్నో, ఆకులెట్లున్నవో, రానున్న నాలుగు దినముల వాతావరణమెట్టిదో పరికించుటయే తోటమాలికి మొదటి విద్య. హార్మోను శాస్త్రము అతనికి ఇచ్చిన గొప్ప కానుక మందు గాదు, ఈ పరికించు చూపు.