ఇంజనులో నూనె ప్రవాహము: లోపమును గుర్తించు విధము

ఎద్దుబండి ఇరుసున కందెన ఎండినచో బండియే కిర్రుమని ఆ సంగతి తెలుపును. ఇంజను అట్లు కాదు. నూనె అందలేదని చప్పుడువలన తెలియునప్పటికే నష్టము జరిగియుండును. కోటబొమ్మాళి పొలములలో దమ్ము చేయు ట్రాక్టరులకు, సీతంపేట కొండదారుల నెక్కు జీపులకు ఈ ప్రమాదము మంచి రోడ్డుపై నడచు బండ్లకంటె హెచ్చు. కారణమేమో చూతము.

నూనె నడచు దారి

ఇంజను అడుగుననున్న చాంబరులో నూనె నిలువయుండును. పంపు దానిని జల్లెడగల గొట్టముతో పీల్చి, ఫిల్టరు గుండా క్రాంకు షాఫ్టు బేరింగులకు, పై భాగములకు పంపును. పని ముగిసిన నూనె మరల చాంబరులోనికి జారును. షాఫ్టునకు బేరింగునకు నడుమ సందు మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు మాత్రమే. తిరుగుచున్న షాఫ్టు నూనెను ఆ సందులోనికి ఈడ్చుకొని, పలుచని పొరపై తేలుచు తిరుగును. అందువలన లోహము లోహమును తాకదు.

1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు ఒక బేరింగును పరీక్షించుచు దాని పైభాగమున రంధ్రము చేసెను. నూనె పైకి ఉబికెను. కొయ్యబిరడా బిగింపగా దానిని కూడ నెట్టివేసెను. ఆ పొరలో ఎంత ఒత్తిడి పుట్టునో అట్లు తెలిసినది. 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితసిద్ధాంతము నిచ్చెను. కావున బరువును మోయునది షాఫ్టు తిరుగుటవలన పుట్టు ఒత్తిడియే. పంపు చేయవలసినది ఎడతెగక నూనె నందించుట.

ఒత్తిడి వేరు, ప్రవాహము వేరు

నీటిగొట్టము మూతిని వ్రేలితో మూసినచో లోపల ఒత్తిడి పెరుగును. నీరు మాత్రము రాదు. అట్లే నూనెదారి మడ్డితో పూడినప్పుడు మీటరు మంచి ఒత్తిడిని చూపుచుండగనే, దారి చివరనున్న భాగము ఎండిపోవచ్చును. బేరింగు అరిగి సందు పెరిగినచో, నూనె సులభముగా కారిపోయి ఒత్తిడి తగ్గును.

కొండ ఎక్కునపుడు చాంబరులోని నూనె ఒక ప్రక్కకు చేరును. నూనె తక్కువైనచో పీల్చు గొట్టపు మూతి బయటపడి గాలిని పీల్చును. నురుగుతో కలిసిన నూనె బరువును మోయజాలదు.

దమ్ములో చిక్కు వేరు. బరువు హెచ్చు, వేగము తక్కువ, రేడియేటరుపై గడ్డి, బురద. నూనె వేడెక్కి పలుచబడును. దీనిని తరగతిలో చూపవచ్చును. రెండు పొడుగు గాజుగొట్టములలో ఆముదము పోసి, ఒకదానిని వేడినీటిలో నుంచి, రెంటిలోను సైకిలు గోళీలు వేసి కాలము లెక్కింపుడు. వేడి ఆముదములో గోళీ త్వరగా దిగును.

పరీక్షించు వరుస

మొదట బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను నాపి, కొంతసేపైన పిమ్మట పుల్లతో నూనె మట్టము చూడవలెను. నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలిసినది. మట్టము పెరిగి డీజిలు వాసన కొట్టినచో ఇంధనము కలిసినది. రెండును పొరను బలహీనపరచును.

పిదప వేరొక మీటరు తగిలించి ఒత్తిడిని కొలువవలెను. బండి మీటరే చెడియుండవచ్చును. వాలుపై మాత్రమే ఒత్తిడి పడిపోయినచో మట్టమును, పీల్చు గొట్టమును అనుమానింపవలెను. వేడెక్కిన పిమ్మట నెమ్మదిగా తిరుగునపుడు మాత్రమే పడిపోయినచో బేరింగులు గాని, పంపు గాని అరిగియుండును. ఎల్లప్పుడును తక్కువగా నున్నచో ఒత్తిడి వాల్వు తెరచుకొని బిగిసిపోయెనేమో చూడవలెను.

చివరకు పాత ఫిల్టరును కోసి మడతలు విప్పి చూడవలెను. మెరయు రేకులు కనబడినచో బేరింగు మెత్తని పైపూత రాలుచున్నది. రాగిరంగు కనబడినచో లోపలి పొరయు బయటపడినది. అప్పుడు క్రొత్త నూనె పోసి సరిపెట్టుకొనరాదు, చాంబరు విప్పవలసినదే. ఉపేక్షించినచో బేరింగు షాఫ్టునకు పట్టుకొని, కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను గోడను పగులగొట్టవచ్చును.

ఎఱ్ఱదీపము నూనె తగ్గినదని చెప్పు దీపమని పెక్కుమంది భావింతురు. సాధారణముగా అది తెలుపునది ఒత్తిడి పడిపోయినదని. వెలిగిన పిమ్మట ఊరు చేరుదాక నడుపుదమనుట ఇంజనును పోగొట్టుకొనుటయే. సురక్షితముగా ప్రక్కకు తీసి వెంటనే ఆపవలెను.