ఒగోని బావుల్లో నీరు

ఆఫ్రికా పేదరికం మీద మన పత్రికల్లో వచ్చే కవితలు చాలావరకు ఒకే బొమ్మ చూపిస్తాయి: బీటలు వారిన నేల, ఎముకలు తేలిన బిడ్డ, ఆకాశం వంక చూసే తల్లి. ఆ బొమ్మ అబద్ధమని నేననను. కాని అది కారణం చెప్పదు. కారణం చెప్పని రచన జాలి పుట్టించి ఊరుకుంటుంది. పేదరికానికీ, రోగానికీ, ప్రకృతి వనరుల విధ్వంసానికీ ఉన్న సంబంధం అర్థం కావాలంటే నైజీరియాలోని ఒగోని ప్రాంతాన్ని పరిశీలించాలని నా అభిప్రాయం. అక్కడ అనావృష్టి లేదు. వానలు దండిగా పడతాయి. నేల కింద చమురుంది.

నైజర్ డెల్టాలో ఒగోని సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల ప్రాంతం. పెండలం, కర్రపెండలం పండించుకుని, కయ్యల్లో చేపలు పట్టుకుని బతికే ప్రజలు. అక్కడ 1958లో చమురు బయటపడింది. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చిన 1960 నాటికి ఖనిజాల రాబడిలో సగం అవి దొరికిన ప్రాంతానికి చెందాలన్న నియమం ఉండేది. తర్వాతి ప్రభుత్వాలు ఆ వాటాను కోస్తూ పోయి 1980లలో ఒకటిన్నర శాతానికి దించాయి. 1999 రాజ్యాంగం దాన్ని కనీసం 13 శాతం చేసింది. 1969 చట్టం చమురు మొత్తాన్ని కేంద్ర ప్రభుత్వ సొత్తు చేసింది. 1978 చట్టం భూమిని రాష్ట్ర గవర్నర్ అధీనంలో పెట్టింది. దాంతో పొలంలో గొట్టం వేస్తే రైతు పంటకు పరిహారం అడగగలడు గాని, భూమికి అడగలేడు. పేదరికం ఆకాశం నుంచి ఊడిపడలేదు. చట్టం రూపంలో వచ్చింది.

రోగం వచ్చిన దారి కూడా ఇంత స్పష్టంగానే ఉంది. గొట్టాలు పగిలి చమురు కయ్యల్లోకి చేరితే మడచెట్ల వేళ్లకు పడుతుంది. ఆ వేళ్ల మధ్యనే చేపపిల్లలు పెరుగుతాయి, పీతలు, నత్తలు బతుకుతాయి. మడ చస్తే జాలరి కూలీ అవుతాడు, ఇంట్లో పళ్లెం నుంచి చేప మాయమవుతుంది. చమురు నేలలోకి ఇంకితే బావి చెడుతుంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ 2011లో ప్రకటించిన నివేదిక ప్రకారం ఒగాలెలోని ఒక పేటలో ప్రజలు తాగుతున్న బావి నీటిలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లకు పైగా ఉంది. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే విషం. నైజీరియాలో చమురు ఒలికిన చోట్ల ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. ఒలకడానికి ముందు కడుపున పడ్డ బిడ్డల కంటే తర్వాత పడ్డ బిడ్డలు పుట్టిన నెలలోపే చనిపోవడం చాలా ఎక్కువని అది తేల్చింది.

ఇక్కడ ఒక విషయం మరచిపోరాదు. షెల్ కంపెనీ 1993లోనే ఒగోనిలో చమురు తోడడం ఆపింది. అయినా ఆ నేల మీదుగా పోయే గొట్టాలు అలాగే ఉన్నాయి. ఒగాలె బావుల దగ్గర గొట్టం ప్రభుత్వ చమురు సంస్థది. 2007 తర్వాత పనిలేని యువకులు దొంగ చమురు కాచి ఇంకొంత నేలను పాడు చేశారు. విదేశీ కంపెనీని ఒక్కదాన్నే దుయ్యబట్టి ఊరుకుంటే విశ్లేషణ సగంలోనే ఆగిపోతుంది. దేశీయ పాలకవర్గం వాటా, ఉపాధి పోయిన యువకుల గతి కూడా అందులో చేరాలి. ప్రక్షాళనకు పాతిక, ముప్ఫయి ఏళ్లు పట్టవచ్చని నివేదిక చెప్పింది. నేటి అవసరాలకు రేపటి తరాన్ని బలిపెట్టని అభివృద్ధే సుస్థిరాభివృద్ధి అని 1987లో సమితి నియమించిన సంఘం నిర్వచించింది. ఆ నిర్వచనాన్ని ఒగోని బావి దగ్గర నిలబెట్టి చూడాలి.

అలా నిలబెట్టినవాడు ఒక రచయిత, కెన్ సారో-వివా. 1985లో వచ్చిన ఆయన నవల ‘సోజాబాయ్’ అంతర్యుద్ధంలోకి వెళ్లిన ఒక పల్లెటూరి కుర్రవాడి కథ. దాన్ని అరకొర చదువువాడి ఇంగ్లీషులోనే ఆయన రాశాడు. ఆయన రాసిన హాస్య ధారావాహిక టెలివిజన్‌లో దేశమంతా చూసింది. 1990లో ఒగోని పెద్దలతో కలిసి హక్కుల పత్రం తయారు చేశాడు. చమురు నుంచి ఎంత పోయింది, తమకు తాగునీరు, కరెంటు ఎందుకు లేవు అన్నవే అందులోని మాటలు. 1993 జనవరి 4న సుమారు మూడు లక్షల మంది శాంతియుతంగా ఊరేగారు. 1994లో నలుగురు ఒగోని పెద్దల హత్యను ఆయన మీద మోపి, సైనిక ప్రభుత్వం ప్రత్యేక ట్రిబ్యునల్ చేత శిక్ష వేయించింది. 1995 నవంబర్ 10న మరో ఎనిమిది మందితో పాటు ఉరితీసింది. 2025 జూన్‌లో నైజీరియా అధ్యక్షుడు ఆ తొమ్మిది మందికీ క్షమాభిక్ష ప్రకటించాడు. క్షమాభిక్ష పెట్టాలంటే నేరం ఉండాలి గదా! తీర్పునే కొట్టివేయాలని కోరినవారితో నేను ఏకీభవిస్తాను.

సాహిత్య విద్యార్థులు ‘సోజాబాయ్’తో పాటు ఆ హక్కుల పత్రాన్ని కూడా చదవాలి. నవల బాధితుడి గొంతు పట్టుకుంది, పత్రం ఆ బాధ లెక్క తేల్చింది. రెండూ ఒకే చేతి పనులు. ఆకలి మీద రాయబోయే రచయిత ఆ ఊరి నీరు ఎవరు పరీక్షించారో, భూమి ఏ చట్టం కింద పోయిందో, రాబడి ఎవరి ఖాతాకు చేరిందో ముందుగా తెలుసుకోవాలి. ఆ తర్వాత ఆ తల్లి గురించి రాస్తే, ఆమె చూపు ఆకాశం వైపు కాక గొట్టం వైపు ఉంటుంది.