కవ్వాల్ అడవి ఎండాకాలంలో ఎందుకు కాలుతుంది? అగ్గికి మేత తగ్గించేదెట్లా? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

మార్చి నెలలో మంచిర్యాల నుంచి జన్నారం మీదుగా ఉట్నూరు దాకా బండి మీద పోయినవాళ్లకు ఈ సీన్ బాగా తెలుసు. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు బోడిగా నిలబడి ఉంటాయి. కింద ఆకులు అప్పడాల్లాగా ఎండిపోయి, కాలు పెడితే కరకరమంటాయి. కొంచెం ముందుకు పోతే నేలంతా నల్లగా ఉంటుంది, ఇంకా పొగ వాసన వస్తుంటుంది. మనం ఒక ఫొటో తీసి "అడవి తగలబడిపోతోంది" అని స్టేటస్ పెట్టి వెళ్లిపోతాం.

ఈ ఎపిసోడ్‌లో ఆ ఫొటో వెనకాల ఉన్న సంగతి మాట్లాడుకుందాం. అగ్గి ఎందుకు పుడుతుంది, ఎందుకు పాకుతుంది, దాన్ని తగ్గిస్తూనే అడవినీ వాగునూ ఎట్లా బాగుచేయొచ్చు అన్నదే ఇవాళ్టి టాపిక్.

మంటకు మూడు కావాలి

చిన్నప్పుడు సైన్స్‌లో చదువుకున్నాం కదా. మంట రావాలంటే వేడి, గాలి, కాలే వస్తువు మూడూ ఉండాలి. ఆదిలాబాద్ ఎండను మనం ఆపలేం, గాలిని ఆపలేం. మన చేతిలో ఉన్నది మూడోది ఒక్కటే. దాన్నే ఇక్కడ అగ్గికి మేత అందాం.

అయితే అడవిలో ఎండిపోయిన ప్రతిదీ ఒకేలాంటి మేత కాదు. పెన్సిల్ కంటే సన్నగా ఉండే గడ్డి, ఆకులు, పుల్లలు ఒకట్రెండు గంటల ఎండకే పెళపెళలాడతాయి. మంటను పరిగెత్తించేవి ఇవే. మీ తొడంత లావున్న మొద్దు ఎండటానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ మొద్దు కింద ఉడుము ఉంటుంది, పాము ఉంటుంది, వానాకాలంలో పుట్టగొడుగు మొలుస్తుంది. అంటే అడవిని "నీట్‌గా" ఊడ్చిపారేయడం పరిష్కారం కాదు. ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న.

అగ్గి ఎవరు పెడుతున్నారు?

మన దగ్గర అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్లే వస్తాయి. చాలాసార్లు అది పగతో పెట్టిన అగ్గి కాదు, పని కోసం పెట్టిన అగ్గి.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల మధ్య దాన్ని ఏరడం కష్టం కాబట్టి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. ఆ నిప్పు ఆరిందనుకొని ఇంటికి పోతారు, మధ్యాహ్నం గాలికి అది లేస్తుంది. తునికాకు సంగతి కూడా ఇంతే. కాలిస్తే లేత చిగురు బాగా వస్తుందని నమ్మకం. పశువుల కోసం కొత్త గడ్డి రావాలని కొందరు కాలుస్తారు. అడవి అంచున చేలో కొయ్యకాళ్లకు పెట్టిన మంట లోపలికి పోతుంది. ఇక మనలాంటివాళ్లు రోడ్డు మీద పారేసే సిగరెట్, బీడీ ముక్కలు ఉండనే ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. గోండులు, కొలాములు, నాయకపోడులు, ఇప్పపువ్వు మీదా తునికాకు మీదా ఎండాకాలం గడిపే కుటుంబాలు వీళ్లవి. "వాళ్లే కాల్చేస్తున్నారు" అని వేలు చూపిస్తే అగ్గి ఆగదు. అదే పని అగ్గి లేకుండా అయ్యే దారి ఉండాలి, ఉంది కూడా. చెట్టు కింద ఆకు ఊడ్చి పక్కకు తీసి, పాత చీరలో వలో పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది. ఊడ్చిన ఆకు చేనుకు ఎరువు అవుతుంది. తునికాకుకైతే కొమ్మ కొట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఫిబ్రవరి, మార్చిలో పొదను కిందికి నరికితే నెలన్నరలో లేత ఆకు వస్తుంది, దానికి అగ్గి అక్కర్లేదు. పాత కరీంనగర్ జిల్లాలో బీడీలు చుట్టిన ఇళ్లన్నీ ఈ ఆకు మీదే బతికాయి. కాబట్టి ఇది అడవి లోపలివాళ్ల గొడవ మాత్రమే కాదు.

ఫైర్ లైన్ అంటే ఏంటి?

అడవిలో బాటలాగా ఒక పట్టీ శుభ్రంగా కనిపిస్తే అది ఫైర్ లైన్. ఎండలు ముదరకముందే అటవీ శాఖవాళ్లు, ఫైర్ వాచర్లు ఆ పట్టీలో ఆకులు, గడ్డి తీసేస్తారు. ఈ మధ్య వీపుకు తగిలించుకునే బ్లోయర్లతో ఆకులు ఊదేస్తున్నారు. పాకుతూ వచ్చిన మంటకు అక్కడ మేత దొరకదు, ఆగిపోతుంది. కానీ ఒక గట్టి గాలి వస్తే మళ్లీ ఆకులు పడతాయి. కాబట్టి సీజన్ మొత్తం ఊడుస్తూనే ఉండాలి. ఎర్రటెండలో ఆ పని చేసేవాళ్లను ఒక్కసారి తలుచుకోండి.

అసలు విలన్: లాంటానా

రంగురంగుల చిన్నపూల గుత్తులు, గరుకు ఆకు, ఘాటు వాసన ఉన్న పొదను మీరు చూసే ఉంటారు. పేరు లాంటానా. పుట్టిల్లు అమెరికా ఖండం. 1800ల మొదట్లో అందం కోసం ఇండియాకు తెచ్చారు. ఇప్పుడు దేశంలో చాలా అడవుల్ని కమ్మేసింది.

దీంతో గొడవ ఏంటంటే, ఎండుటాకుల మంట మామూలుగా మోకాలెత్తులో పాకుతుంది. పెద్ద టేకు చెట్టు దాన్ని తట్టుకుంటుంది. మధ్యలో లాంటానా ఉంటే అది నిచ్చెన. మంట దాన్ని పట్టుకొని కొమ్మల దాకా ఎక్కుతుంది. కాలిపోయాక మిగతా మొలకలు చస్తే, లాంటానా మాత్రం వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. జింకలు, కణుజులు దాన్ని పెద్దగా ముట్టవు. గడ్డి పోతే అవి పోతాయి, అవి పోతే పులి ఆగదు. కవ్వాల్‌కు 2012లో టైగర్ రిజర్వ్ హోదా వచ్చింది. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి పులులు ఈ దిక్కు వస్తుంటాయి. వచ్చిన పులి ఇక్కడే ఉండాలంటే దానికి తిండి కావాలి, అంటే ముందు గడ్డి కావాలి.

మరి చిన్న అగ్గి పెట్టి దీన్ని కాల్చేస్తే? కర్ణాటకలో బీఆర్ హిల్స్‌లో సోలిగ ఆదివాసీలు పూర్వం ఎండలు ముదరకముందే చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్లు. ఆ మంటలు ఆగిపోయాకే లాంటానా విరగబడి పెరిగిందని వాళ్లంటారు. పరిశోధకులు కూడా ఆ మాటను పట్టించుకొని చదివారు. కానీ ఒకసారి పొద నెత్తికంటే ఎత్తు పెరిగాక చిన్న అగ్గి చిన్నగా ఉండదు. 2019 ఫిబ్రవరిలో బండీపూర్‌లో వేల ఎకరాలు ఎట్లా కాలాయో చూశాం. కాబట్టి ముందు పొద పోవాలి.

పైపైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఒక తేలికైన పద్ధతి చూపించింది. మట్టికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద తల్లివేరును తెగ్గొట్టి, పొదను తలకిందులుగా పెట్టాలి. అప్పుడు మళ్లీ వేరూనదు. కాయలు పండకముందే ఈ పని చేయాలి. పిట్టలు కూర్చునే చెట్ల కింద కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి, రెండు మూడేళ్లు వదలకుండా పీకాలి. అన్నిటికంటే ముఖ్యం, ఖాళీ అయిన జాగాలో వెంటనే మన గడ్డి విత్తనం పడాలి. జాగా ఖాళీగా ఉంచితే లాంటానాయే తిరిగి వస్తుంది.

వాగు ఒడ్డు గోడా, వత్తా?

కుంతాల జలపాతం చూశారు కదా, అది కడెం వాగు మీదే ఉంది. ఇలాంటి వాగులే అడవికి సొంత ఫైర్ లైన్లు. ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, కానుగ, వెదురు దట్టంగా ఉంటే నీడ ఉంటుంది, ఆకు తడిగా ఉంటుంది, మంట అక్కడికి వచ్చి చల్లబడుతుంది. ఏరుమద్ది పేరులోనే ఏరు ఉంది చూడండి.

అదే ఒడ్డున చెట్లు కొట్టేసి, ఇసుక తవ్వేస్తే? ఎండ పడుతుంది, లాంటానా దూరుతుంది. అప్పుడు గోడలాగా నిలబడాల్సిన ఒడ్డు దీపం వత్తిలాగా మంటను లోపలికి లాక్కుపోతుంది. కాలిన నేల మీద మొదటి వాన పడితే బూడిద, మట్టి కలిసి వాగులోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి, ప్రాజెక్టుల్లోకి పోతాయి. మనం తాగే నీళ్లూ పొలానికి పారే నీళ్లూ అవే.

అందుకే ఒడ్డు మీద పొద తీసేటప్పుడు జేసీబీ వద్దు, చేత్తోనే తీయాలి. లేకపోతే కట్ట కోసుకుపోతుంది. పడిపోయిన పెద్ద మానులు అక్కడే ఉండనివ్వాలి. నాటిన మొక్క నిలదొక్కుకునే దాకా పశువుల్ని ఆపాలి.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు?

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటల్ని కనిపెట్టి అలర్ట్ పంపిస్తుంది. ఎవరైనా ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మ్యాప్‌లో ఒక చుక్క అంటే 375 మీటర్ల చదరం, దాదాపు 35 ఎకరాలు. మంట అందులో ఎక్కడుందో ఉపగ్రహం చెప్పదు. అది పైనుంచి పోయే టైమ్‌కే చూస్తుంది కాబట్టి చిన్న మంటలు తప్పిపోతాయి. రోడ్డు మీద పోతున్న మీరు దానికంటే ముందు చూస్తారు. మీ ఊరి బీట్ ఆఫీసర్ నంబర్ ఇవాళే సేవ్ చేసుకోండి. పొగ కనిపిస్తే ముందు లొకేషన్ పంపండి, స్టేటస్ తర్వాత. మీరొక్కరే ఆర్పడానికి లోపలికి పోవద్దు.

ఇంకొకటి. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా గొడ్డలి పట్టుకొని లాంటానా నరకడానికి కూడా పోవద్దు. ఊళ్లో పదిమంది కలిసి రేంజ్ ఆఫీస్‌లో అడగండి. మీ సొంత చేను గట్టు మీద, ఊరి వాగు పక్కన మొదలుపెట్టడానికి మాత్రం ఎవరూ అడ్డురారు.

చివరగా ఒక్క మాట. అగ్గికి మేత తగ్గించడం సగం పనే. ఆ జాగాలో జింకకు మేత, వాగుకు నీడ, ఆ ఊరి కుటుంబానికి పని పెరిగితేనే మిగతా సగం పూర్తవుతుంది. మీ దగ్గర ఇప్పపువ్వు ఎట్లా ఏరుతారో కామెంట్‌లో రాయండి. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాస్తే ఇంకా మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.